ఆసు పోసే చేతులు మా నానమ్మవి కావు: నా షార్ట్ ఫిల్మ్ మీద మీ అభిప్రాయం కావాలి

పడుగుపేక

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో జర్నలిజం పీజీ చదువుతున్నాను. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లికి దగ్గర్లోని చేనేత ఊరు. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు కోసం 12 నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. ఎడిటింగ్ దాదాపు అయిపోయింది. సినిమాతో పాటు దాన్ని ఎలా తీశామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో కూడా రాసి ఇవ్వాలని మా సార్ అన్నారు. రాస్తూ రాస్తూ ఒక చోట ఆగిపోయాను. దాని గురించే ఇక్కడ అడుగుతున్నాను.

ఆసు అంటే తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. ఇక్కత్ చీరకు రంగు అద్దకముందు పేక నూలును (అడ్డంగా నేసే పోగును) కొలత ప్రకారం పరుచుకోవాలి. దానికో చెక్క చట్రం ఉంటుంది. ఒక పక్క ఒకటే మేకు, దానికెదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి, చేత్తో తిప్పుతూ పోవాలి. అలా పరిచిన నూలు మీద గీతలు గీసి, రంగు తగలకూడని చోట చిటికి అనే ముడులు కట్టి, ఆ తర్వాత అద్దుతారు. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడాలి. మా వైపు ఇది ఆడవాళ్ల పని. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారు పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి ఆమె పేరే పెట్టుకున్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నా సినిమా మా నానమ్మ గురించి. ఆమెకు డెబ్బై దాటాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆసు పోసింది. ఇప్పుడు మా ఇంట్లోనూ యంత్రం ఉంది. చేత్తో పోసే పాత ఆసు అటకెక్కింది. సినిమా కోసం దాన్ని దింపించాను. నానమ్మ దాని ముందు కూర్చుని కొంతసేపు పోసింది. ముఖమూ చెయ్యీ రెండూ కనిపించేలా మిడ్ షాట్‌లో అది వచ్చింది. కానీ భుజం లేవడం లేదని తెలుస్తూనే ఉంది. ఇక చాలన్నాను. క్లోజప్‌లు మాత్రం మిగిలిపోయాయి. మా చిన్నత్త పక్కనే ఉంది, ఆమె కూడా ఏళ్ల తరబడి ఆసు పోసిన మనిషే. క్లోజప్‌లు ఆమె చేతులతో తీశాను.

ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద రెండూ పక్కపక్కన పెడితే అతుకే కనిపించలేదు. అవే ఆకుపచ్చ గాజులు, అదే కిటికీ వెలుతురు, కదిలే వేళ్లు. చూసిన ఫ్రెండ్స్ అందరూ 'ఈ వయసులో కూడా మీ నానమ్మ చెయ్యి ఎంత స్పీడో' అంటున్నారు.

నా ప్రశ్నలు రెండు. మానేసిన పనిని కెమెరా కోసం మళ్లీ చేయించి తీస్తే అది డాక్యుమెంటరీ అవుతుందా? ఒకరి కథ కింద ఇంకొకరి చేతులు చూపించడం న్యాయమేనా?

లైట్‌బాయ్

చెల్లెమ్మా, దీనికి ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఇన్సర్ట్‌లు, అంటే మధ్యలో వేసే క్లోజప్‌లు, ఎవరి చేతులతో తీస్తే ఏమిటి? యాడ్స్‌లోనూ సినిమాల్లోనూ రోజూ జరిగేదే. పని నిజం, నూలు నిజం, ఇల్లు నిజం. సబ్మిట్ చేసేయండి.

కట్‌పాయింట్

లైట్‌బాయ్ గారూ, యాడ్‌లో చూసేవాళ్లకు అది నటన అని ముందే తెలుసు. ఇక్కడ ఆమె 'మా నానమ్మ' అని చెప్పి చూపిస్తోంది. తేడా అక్కడే ఉంది.

నేను ఓ న్యూస్ ఛానల్‌లో చాలా ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. మా పనిలో ఇన్సర్ట్‌లు రెండు రకాలు. 'చేనేత రంగం ఇలా ఉంది' అని వాయిస్ ఓవర్ నడుస్తుంటే ఏ ఇంటి మగ్గమైనా వేయొచ్చు. అది ఫలానా మనిషిదని మనం ఎక్కడా అనడం లేదు కదా. కానీ ఒక మనిషి ముఖం చూపించి, వెంటనే చేతులకు కట్ చేస్తే ఆ చేతులు ఆ మనిషివేనని కట్ చెబుతుంది. నోటితో ఒక్క మాట అనకపోయినా ఆ మాట అన్నట్టే.

పడుగుపేక గారూ, ఆ క్లోజప్‌ల కింద ఏ మాటలు వినిపిస్తున్నాయి? నానమ్మ గొంతా, మీ గొంతా, ఉత్త శబ్దమేనా? దాని ముందు ఏ షాట్, తర్వాత ఏ షాట్? ఇవి చెబితే ఏదైనా చెప్పగలను.

విజయనగరం మాష్టారు

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు వయసు సినిమాకున్నంత ఉంది. లూమియేర్ సోదరులు 1895లో తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడం తీశారు. అది మూడు వేర్వేరు రూపాల్లో దొరుకుతోంది. అంటే ఒకే సంఘటనను ఒకటికి రెండుసార్లు చేయించారన్నమాట. మొట్టమొదటి వాస్తవ చిత్రం అనుకునే దాంట్లోనే 'ఇంకోసారి రండి' అన్న పిలుపు ఉంది.

ఇక 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'. కెనడా ఉత్తరాన ఇనుయిట్‌ల జీవితం అది. అప్పటికే వాళ్ల చేతికి తుపాకులు వచ్చాయి. అయినా పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించి తీశాడు. మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలదని, ఒక పక్క తెరిచి ఉన్న పెద్ద ఇల్లు కట్టించాడు. నానూక్ అన్నది కూడా ఆ వేటగాడి అసలు పేరు కాదు. వందేళ్లుగా ఈ సినిమాను మెచ్చుకుంటూనే ఉన్నారు, తప్పుపడుతూనే ఉన్నారు. పాత పని చేయించాడన్నది అసలు ఫిర్యాదు కాదని నా అభిప్రాయం. ఇది ఇప్పుడు కూడా ఇలాగే జరుగుతోందని ప్రేక్షకుడిని నమ్మించాడు, తగువంతా దాని మీదే.

మీ రెండో ప్రశ్నకూ పాత ఉదాహరణ ఒకటుంది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక స్త్రీ కళ్లు, మరొక స్త్రీ పెదవులు, ఇంకొకరి కాళ్లు తీసి కలిపి, లోకంలో లేని ఒక స్త్రీని తెర మీద సృష్టించి చూపాడు. కట్‌కు ఎంత శక్తి ఉందో పరీక్షించడానికి చేసిన పని అది. మీ టైమ్‌లైన్ మీద జరిగింది కూడా అదే. ఆ శక్తి ఉందని మీకు ఇప్పుడు అనుభవంలోకి వచ్చింది. దాన్ని ఎక్కడ వాడాలన్నది మీ ఇష్టం. మీ నానమ్మ విషయంలో నేనైతే వాడను.

చౌటుప్పల్ చేనేత

చెల్లీ, మాదీ మగ్గమే. కొంచెం ఘాటుగా రాస్తాను, ఏమనుకోకు.

మా ఊళ్లకు కెమెరాలు వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్లంతా ముందు మగ్గం దగ్గరికే పోతారు. గుంటలో కాళ్లు పెట్టి నేసే మగమనిషిని, పోగును మోస్తూ పక్కకు పోయే నాడెను, రంగుల చీరను తీసుకుని వెళ్లిపోతారు. కండెలు చుట్టే అమ్మను, చిటికి కట్టే అక్కను, ఆసు పోసే పెద్దమ్మను ఎవరు అడిగారు? చీర నేసింది ఎవరంటే మగ్గం మీద కూర్చున్న మనిషి పేరే చెబుతారు. నువ్వు ఆసు దగ్గర ఆగినందుకే నీకు దండం పెట్టాలి.

కానీ మా అమ్మ రాత్రిపూట భుజానికి కాపడం పెట్టుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నొప్పి వల్ల మానేసిన పనిని మళ్లీ చేయమంటే ఆమె ఏమంది? నువ్వు అడిగావు కాబట్టి సరేనందా, తనకూ చేయాలనిపించిందా? ఆ చేతులు ఎవరివన్న ప్రశ్న నాకు అంత పెద్దగా అనిపించలేదు. ఇదే పెద్దగా అనిపిస్తోంది.

ఇంకో మాట. చిన్నత్తకు కూడా భుజాలున్నాయి కదా. ఆమె పేరు సినిమాలో ఎక్కడైనా వస్తుందా?

పడుగుపేక

అన్నా, ఘాటేం లేదు. మీరు అడగాల్సిందే అడిగారు.

ఆసు దింపమని అడిగింది నేనే. పోసి చూపించమని మాత్రం నేను అడగలేదు. అది ఎలా పట్టుకుంటారో, ఎక్కడ కూర్చుంటారో చెబితే చాలనుకున్నాను. చట్రం తుడిచి పెట్టగానే నానమ్మ తనే వచ్చి కూర్చుంది. మా నాన్న 'ఎందుకే అమ్మా ఇప్పుడు' అంటే, 'నువ్వు పుట్టకముందు సంది పోస్తున్న, నువ్వు జెప్తవా నాకు' అంది. ఆ మాటలు రికార్డయ్యాయి కూడా. చాలన్నది నేను, ఆమె కాదు. ఆ సాయంత్రం భుజం నొప్పి చేసింది నిజమే. చిన్నత్త జండూబామ్ రాసింది. మరుసటి రోజు షూటింగ్ పెట్టుకోలేదు.

చిన్నత్త పేరు చివర్లో 'కృతజ్ఞతలు' కింద ఉంది. మీరు అడిగాక చూస్తే అది చాలదనిపిస్తోంది.

కట్‌పాయింట్ గారూ, క్రమం ఇదీ: యంత్రం తిరుగుతున్న షాట్, దాని మీద నానమ్మ గొంతు. 'ఇప్పుడు ఇది పోస్తది, అప్పుడు మేం పోసినం' అంటుంది. అక్కడ నుంచి పాత ఆసు మీద నానమ్మ మిడ్ షాట్. తర్వాత చిన్నత్త చేతుల క్లోజప్‌లు, ఒకదాని వెనక ఒకటి. వాటి కింద కూడా నానమ్మ గొంతే. నొప్పి గురించి చెబుతుంది. తర్వాత ఆమె ముఖం.

కట్‌పాయింట్

అయితే చిక్కు అక్కడే. నొప్పి గురించి ఆమె గొంతు, తెర మీద చలాకీగా ఆడే వేరే చేతులు. ఒకరి చేతులా ఇద్దరి చేతులా అన్నది పక్కన పెట్టండి. భుజం లేవని మనిషి కథ చెబుతూ, లేచే చేతిని చూపిస్తున్నారు. మీ ఫ్రెండ్స్ 'ఎంత స్పీడో' అన్నారంటే సినిమా వాళ్లకు ఏం చెప్పిందో చూడండి. ఇంత నొప్పి తర్వాత కూడా ఇంకా అంతే వేగం అని. మీరు చెప్పాలనుకున్నది దానికి ఎదురు కదా.

భీవండి తెలుగోడు

నేను పుట్టింది మహారాష్ట్రలో భీవండిలో. మా తాత నల్గొండ వైపు నుంచి పవర్‌లూమ్‌లలో పనికి వచ్చాడు. ఇక్కడా షోలాపూర్‌లోనూ సూరత్‌లోనూ మన పద్మశాలీలు ఎన్ని వేలమంది ఉన్నారో ఈ ఫోరమ్‌లో చాలామందికి తెలుసు. చేతిమగ్గం వదిలి మరమగ్గం దగ్గరికి వచ్చిన ఇళ్లు మావి.

మాష్టారు గారు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ, నాకు ఒకటి అనిపిస్తోంది. పడుగుపేక, మీ నానమ్మ ఆసు ముందు కూర్చున్నది కెమెరా కోసమే కాదు. మా నాయన ఊరెళ్లినప్పుడల్లా మా పెదనాన్న మగ్గం గుంటలో దిగి ఓ నాలుగు పోగులైనా నేసి గానీ లేవడు. ఎవరూ అడగరు. చేతికి వచ్చిన పని కదా, ఒళ్లు ఊరుకోదు. కాబట్టి మళ్లీ చేయించి తీశానన్న బెంగ వదిలేయండి. ఆమె కూర్చుంది, మీరు తీశారు. అంతవరకు అది నిజం.

భుజం లేవకపోవడం మీ ఫుటేజీలో ఉందా? ఉంటే దాన్ని ఎందుకు తీసేశారు?

రూమ్‌టోన్

సౌండ్ వైపు నుంచి నావి కొన్ని మాటలు. నేను లొకేషన్ సౌండ్ చేస్తాను.

క్లోజప్‌ల కింద ఉత్త గొంతే పెట్టారా, ఆసు శబ్దం కూడా ఉందా? చేత్తో పోసే ఆసుకు పెద్దగా శబ్దం ఉండదు. పోగు మేకును రాసుకుంటూ పోయే చిన్న రాపిడి, గాజులు, మనిషి ఊపిరి, అంతే. పక్కన యంత్రం మోటారు మోత పెడితే ఈ రెండింటి మధ్య తేడా చూసేవాళ్ల చెవికే తెలిసిపోతుంది. ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు. నానమ్మ ఊపిరి గనక రికార్డయి ఉంటే దాన్ని మాత్రం పోగొట్టుకోకండి. నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే ముందు పోయేది అదే.

ఏ మైక్ వాడారు? ఫోన్‌తో తీసిన షాట్లు ఉన్నాయా?

పడుగుపేక

కాలేజీ డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, నా ఫోన్ ఒకటి. నానమ్మకు కాలర్ మైక్ పెట్టి వేరే రికార్డర్‌లోకి తీశాను. ఊపిరి వినిపిస్తోంది, చాలా దగ్గరగా. మైక్ కొంగు కింద ఉండటం వల్ల అనుకుంటా.

ఫోన్ షాట్లలో రెండు ఇబ్బందులు. పొడుగాటి షాట్ అయితే చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతోంది. లోపలి గదిలో ట్యూబ్‌లైట్ కింద తీసినవాటిలో నల్లటి చారలు పైనుంచి కిందికి జారుతున్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. నానమ్మ ఆసు పోస్తున్నంతసేపూ రేడియోలో ఘంటసాల పాట వస్తోంది. ఆపమనలేదు. ఆమె ఎప్పుడూ రేడియో పెట్టుకునే పని చేసేది. ఆ పాట ఉంటే ఆ గది ఆ గదిలా ఉంది. ఉంచొచ్చా?

రూమ్‌టోన్

ఫోన్లు సాధారణంగా ఫ్రేమ్ రేట్‌ను, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు తీస్తాయో ఆ లెక్కను, స్థిరంగా ఉంచవు. వెలుతురును బట్టి, ప్రాసెసర్ మీద భారాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది. రికార్డర్ మాత్రం తన లెక్కలో తాను పోతుంది. అందుకే మొదట్లో కుదిరినది చివర్లో జారిపోతుంది. ఆ ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్‌కు మార్చి, ఆ తర్వాత టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. అప్పటికీ కొంచెం జారితే మధ్యలో ఒక కట్ ఉన్నచోట మళ్లీ సరిచేసుకోవచ్చు.

చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైటు, నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర ఉంటే ఆ హెచ్చుతగ్గులతో కుదురుతుంది. ఫోన్ ఆటోలో 30 ఫ్రేమ్‌లకు 1/60 పెట్టుకుందంటే చారలు వస్తాయి. మన దేశంలో లైట్ల కింద తీసేటప్పుడు 25 ఫ్రేమ్‌లు, 1/50 అని గుర్తుపెట్టుకుంటే సగం తలనొప్పి ఉండదు. తీసేసినవాటికి ఎడిటింగ్‌లో డీఫ్లికర్ అనే ఎఫెక్ట్ కొంతవరకు పనిచేస్తుంది, పూర్తిగా కాదు. చారలు మరీ ఎక్కువగా ఉన్న షాట్ అవసరమా అని ముందు చూసుకోండి.

రేడియో సంగతి లా తెలిసినవాళ్లు చెప్పాలి. నా వైపు నుంచి మాత్రం ఒక ఇబ్బంది ఉంది. పాట వెనక నడుస్తుంటే షాట్‌ను ఎక్కడ కోసినా పాట తెగుతుంది. పాట తెగకూడదంటే షాట్‌ను కోయలేరు.

లా లైబ్రరీ

పాట విషయం చెబుతాను. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఒక పాటలో ఒకటి కాదు, కనీసం మూడు హక్కులు ఉంటాయి: సాహిత్యం, సంగీతం, రికార్డింగ్. రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. సాహిత్యం, సంగీతం మీద హక్కు రాసినవారు, స్వరపరిచినవారు చనిపోయిన ఏడాది తర్వాత మరో 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన స్వయంగా బాణీ కట్టిన పాట అయితే ఆ బాణీ మీద హక్కు 2034 చివరి వరకు ఉంటుంది. ఆయన పాడి, వేరొకరు స్వరపరిచినదైతే ఆ స్వరకర్త చనిపోయిన ఏడాదిని బట్టి లెక్క. 'పాత పాటే కదా, ఎవరూ అడగరు' అనుకోవడం చాలామంది విద్యార్థులు చేసే పని. యూట్యూబ్‌లో పెట్టిన కాసేపటికే హక్కులున్న పాటలను గుర్తించే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ దాన్ని పట్టుకుంటుంది. ఫెస్టివళ్లు కూడా సంగీతం హక్కులు మీ దగ్గర ఉన్నాయని సంతకం అడుగుతాయి.

క్లాసులో పరీక్ష కోసం చూపించడానికి మీకు ఇబ్బంది రాదు. బయటికి పంపే కాపీకి మాత్రం పాట లేని వెర్షన్ తయారు చేసుకోండి.

నానమ్మ గారి దగ్గరా చిన్నత్త గారి దగ్గరా చిన్న అంగీకార పత్రం తెలుగులోనే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. ఇంట్లోవాళ్లే కదా అని వదిలేయొద్దు. ఎక్కడెక్కడ చూపిస్తారో అందులో ఉండాలి.

చౌటుప్పల్ చేనేత

ఆ పత్రం మాట బాగుంది. సంతకం కన్నా ముందు సినిమా చూపించు చెల్లీ. చూసి వద్దన్నది తీసేసే అవకాశం వాళ్లకు ఉండాలి. మా ఊళ్లో ఒకసారి తీసుకుపోయిన వీడియో ఎక్కడ వేశారో ఇప్పటికీ మాకు తెలియదు.

కట్‌పాయింట్

పడుగుపేక గారూ, భీవండి తెలుగోడు గారు అడిగిన ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు. నేనూ అదే అడుగుతున్నాను. మిడ్ షాట్‌ను ఎక్కడ కోశారు? నానమ్మ చెయ్యి ఆగిపోవడం, మీరు చాలనడం, చిన్నత్త వచ్చి కూర్చోవడం, ఇదంతా కెమెరా రోలింగ్‌లో ఉండగా జరిగిందా? ఎడిటర్లుగా మేం మొదట చూసేది యాక్షన్‌కు ముందూ కట్ తర్వాతా మిగిలిపోయిన ముక్కలనే. కొత్తవాళ్లు వాటిని పనికిరానివని బిన్‌లోనే (ఫుటేజీ ఫోల్డర్‌లోనే) వదిలేస్తారు. మొత్తం క్లిప్‌ను ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చూడండి. ముందే ఏ నిర్ణయమూ పెట్టుకోకుండా.

పడుగుపేక

చూశాను. ఉంది.

అందులో ఏముందో వివరంగా రాస్తాను, ఎందుకంటే దీంతో నా సినిమా మారిపోతోంది.

నానమ్మ పోస్తోంది. ఎడమ చేత్తో పోగు బిగువు చూసుకుంటూ, కుడిచేత్తో మేకు చుట్టూ తిప్పుతోంది. మొదట్లో మోచెయ్యి మడవకుండా చెయ్యి మొత్తం సాగుతుంది. కొన్ని వరసలయ్యాక మోచెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, నడుము వంచి, ఒళ్లు మొత్తాన్ని మేకు వైపు జరుపుతోంది. భుజంతో చేయాల్సిన పనిని నడుముతో చేస్తోంది. ముఖంలో మాత్రం ఏమీ తెలియదు. షూటింగ్‌లో నేను ముఖమే చూస్తూ ఉన్నాను. తర్వాత ఒక మేకు దగ్గర చెయ్యి ఆగుతుంది, వేళ్లతో అందుకోబోతుంది, అందదు. అప్పుడు 'చాలు నానమ్మా' అన్న నా గొంతు. ఆమె లేవదు. పక్కకు జరిగి చిన్నత్తకు చోటిస్తుంది.

ఆ తర్వాతి భాగాన్ని నేను ఎడిటింగ్‌లో తెరిచి కూడా చూడలేదు. కెమెరా ట్రైపాడ్ మీద అలాగే నడుస్తోంది. నేను ఫోన్ పట్టుకుని క్లోజప్‌ల కోసం ముందుకు వెళ్లాను, ఫ్రేమ్‌లో నా వీపు సగం అడ్డంగా ఉంది. దాని పక్క నుంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. చిన్నత్త పోస్తుంటే నానమ్మ ఆమె చేతి వైపే చూస్తూ చెబుతోంది: 'బిగువు వట్టు... గట్ల గాదు, పోగు మీద పోగు ఎక్కుతది... ఆఁ, గట్ల.' చిన్నత్తకు అన్నీ తెలుసు, అయినా 'ఊఁ' అంటూ పోస్తోంది. ఒకచోట వరస తప్పింది. నానమ్మ చూడకుండానే, చెవితోనే పట్టేసింది. ఎలాగంటే గాజుల చప్పుడు లయ మారింది.

కాబట్టి చేతులు దాచాల్సిన అవసరమే లేదు. ఇక నా నిర్ణయం చెబుతాను. మిడ్ షాట్ పూర్తిగా ఉంటుంది, చెయ్యి అందకపోవడం వరకు. నా గొంతు ఉంటుంది. చిన్నత్త వచ్చి కూర్చోవడం ఉంటుంది. ఆ తర్వాతే క్లోజప్‌లు, వాటి కింద నొప్పి మాటలు తీసేసి, నానమ్మ చెబుతున్న ఆ సూచనలే. నొప్పి మాటలు యంత్రం షాట్ మీదకు వెళ్తాయి. చిన్నత్త పేరు తెర మీదే, ఆమె కూర్చున్నప్పుడే వస్తుంది, నానమ్మ పేరు వచ్చినట్టుగా.

విజయనగరం మాష్టారు

శభాష్ తల్లీ. మీ వీపు ఫ్రేమ్‌లో ఉందని ఆ షాట్‌ను వదలకండి. ఎవరో అడిగితేనే ఇదంతా జరుగుతోందని ఆ వీపు చెబుతుంది. ఫ్లాహెర్టీ సినిమాలో అలాంటి వీపు ఒక్కటి ఉండి ఉంటే వందేళ్ల వాదన చాలావరకు ఉండేది కాదు.

లైట్‌బాయ్

నేను మొదట్లో అన్నది వేరు. ఈ క్లిప్ గురించి చదివాక మాత్రం ఇదే బాగుంటుందనిపిస్తోంది. అయితే ఒక సందేహం. చెయ్యి అందకపోవడం చూపిస్తే ఆవిడ గౌరవం తగ్గించినట్టు అవ్వదా? మా అమ్మ అయితే అలా కనిపించడానికి ఒప్పుకోదు.

పడుగుపేక

ఈ సందేహం నాకూ వచ్చింది. అందుకే చౌటుప్పల్ అన్న చెప్పినట్టే ముందు నానమ్మకు, చిన్నత్తకు లాప్‌టాప్‌లో చూపించాను. చెయ్యి అందని చోట నానమ్మ ఏమైనా అంటుందేమో అని చూశాను. ఆమె దాని గురించి మాట్లాడలేదు. 'మేకు వంగింది, అందుకే అందలే, ఎవలన్న సరిజేయాల్నాయె' అంది. తర్వాత చిన్నత్త వరస తప్పిన చోటు వచ్చినప్పుడు నవ్వి, వెనక్కి తిప్పమంది. రెండోసారి చూపించాను. ఉంచమంది. చిన్నత్త మాత్రం తను పాత చీరలో ఉన్నానని కొంచెం బాధపడింది. తీసేయాలా అని అడిగితే వద్దంది. పత్రం చదివి వినిపించి ఇద్దరి సంతకాలూ తీసుకున్నాను.

మేకు మాట కూడా రికార్డ్ చేసుకుని ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది గానీ, సరే.

రూమ్‌టోన్ గారూ, ఇంకో ఇబ్బంది వచ్చింది. మా సార్ ఈ వెర్షన్ చూసి, మిడ్ షాట్ చాలా పొడుగైంది, సగానికి కోయమన్నారు. చూసేవాళ్లు విసుగొచ్చి లేచిపోతారని ఆయన భయం.

రూమ్‌టోన్

సగానికి కోస్తే మోచెయ్యి మడతపడటం పోతుంది. ఆ మార్పు కనిపించాలంటే మొదటి వరసలు ఎలా ఉన్నాయో ముందు కంటికి అలవాటు కావాలి. అదే పని మళ్లీ మళ్లీ చూస్తేనే తేడా తెలుస్తుంది. సార్‌కు ఈ మాటే చెప్పండి. వాదనగా కాదు, ఆ షాట్‌లో ఏం జరుగుతోందో రాసి చూపించండి. ఇప్పుడు మీరు ఇక్కడ రాసినట్టే.

రేడియో సంగతి ఏం చేశారు? నానమ్మకు కాలర్ మైక్ ఉంది కాబట్టి ఆ ట్రాక్‌లో పాట సన్నగానే పడి ఉంటుంది. ఆమె ఊపిరి ముందుంటుంది. పాటను పూర్తిగా తీయలేకపోయినా, ఆ గదిలోనే రేడియో కట్టేసి ఓ నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకుని రండి. అదే ఆసు మీద చిన్నత్త చేత కొద్దిసేపు పోయించి ఆ రాపిడి, గాజుల శబ్దం కూడా విడిగా తీయండి. బయటికి పంపే వెర్షన్‌లో అవి పరుచుకోవచ్చు. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి.

భీవండి తెలుగోడు

సార్‌కు ఇంకొకటి కూడా చెప్పండి. ఒక చీరకు ఆ పని గంటల తరబడి చేసేవారు. ప్రేక్షకుడిని అందులో రెండు నిమిషాలు కూర్చోమనడం ఎక్కువేం కాదు.

పడుగుపేక

సార్‌కు రాసి ఇచ్చాను. మోచెయ్యి ఎక్కడ మడతపడుతుందో టైమ్‌కోడ్ వేసి మరీ. చూసి, మొదట్లో చట్రం తుడిచే భాగం తగ్గించమన్నారు, పోసే భాగం ఉంచమన్నారు. అది నాకూ సరేననిపించింది. యంత్రం షాట్లలో ఒకటి తీసేశాను, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. గది శబ్దం, ఆసు శబ్దం విడిగా రికార్డు చేసుకొచ్చాను. క్లాసు కాపీలో పాట ఉంది, బయటి కాపీలో లేదు.

రాసి ఇవ్వాల్సిన నోట్‌లో ఈ చేతుల విషయమే సగం అయింది. మొదటి వెర్షన్ ఎలా ఉండేదో, ఇద్దరిని ఒకరుగా ఎలా చూపించిందో, ఎందుకు మార్చానో మొత్తం రాశాను. రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి సబ్మిట్ చేస్తున్నాను.

ఇప్పుడు ఫెస్టివళ్లకు పంపాలనుకుంటున్నాను. యూట్యూబ్‌లో పెట్టి ఆ లింక్ పంపొచ్చా?

కట్‌పాయింట్

పబ్లిక్‌గా పెట్టొద్దు. కొన్ని ఫెస్టివళ్లు అప్పటికే ఆన్‌లైన్‌లో వచ్చినదాన్ని తీసుకోవు. పాస్‌వర్డ్ ఉన్న ప్రైవేట్ లింక్ పంపండి, నియమాలు ఒక్కోదానివి విడిగా చదవండి. డాక్యుమెంటరీలకూ షార్ట్ ఫిల్మ్‌లకూ మన దగ్గర పేరున్నవి రెండు: ముంబైలో రెండేళ్లకోసారి జరిగేది, తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నిర్వహించేది. విద్యార్థులకు విడిగా విభాగం ఉందో లేదో, బయటి రాష్ట్రాలవాళ్లను తీసుకుంటారో లేదో వాళ్ల ప్రకటనలో చూసుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. నానమ్మ మాటలకు సబ్‌టైటిల్స్ రాసేటప్పుడు 'గట్ల గాదు' లాంటి చిన్న మాటలను వదిలేయకండి. ఆ సీన్ నడిచేదే వాటి మీద.

చౌటుప్పల్ చేనేత

ఫెస్టివల్ అయ్యాక మా దగ్గర కూడా చూపించు చెల్లీ. సంఘం భవనంలో తెర నేను ఏర్పాటు చేస్తాను. ఆసు పోసిన ఆడవాళ్లందరినీ పిలుద్దాం. ప్రొజెక్టర్ మాత్రం నువ్వు తెచ్చుకోవాలి, మా దగ్గర ఉన్నది మసకగా పడుతుంది.